ఏటి మధ్యలో ఉప్పు భక్తుడు

మా అత్తగారు దోహా విమానాశ్రయంలోంచి బయటికి రాగానే నా కళ్ళు ఆవకాయ డబ్బా కోసం వెతికాయి. అది లేదు. ఆవిడ చంకలో పసుపుగుడ్డ చుట్టిన మూట ఒకటి ఉంది. ట్రాలీ మీద పెట్టమంటే పెట్టలేదు, కొడుకు చేయి చాపితే ఇవ్వలేదు. కారులో కూడా దాన్ని ఒళ్ళో పెట్టుకుని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నారు.

ఇంటికొచ్చి విప్పితే పుస్తకం. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, మిగిలిన పేజీలు మరమరాల రంగు దాటి బెల్లం రంగుకొచ్చాయి. పెట్టెలోంచి, చీరల మడతల మధ్యనుంచి, ఒక అడకత్తెర కూడా తీశారు.

"ఆవకాయ తేలేదా అత్తయ్యా?" అన్నాను, ఇక ఉండబట్టలేక.

"చిన్నాడు తూకం వేసి, బరువెక్కువైంది, ఏదో ఒకటి తీసెయ్యమన్నాడమ్మా. ఇది తెచ్చుకున్నాను" అన్నారు. చిన్నాడంటే మా మరిది. నాకు ఒళ్ళు మండింది. ఏడాదిగా ఆ ఆవకాయ కోసం కాచుక్కూర్చున్నదాన్ని. సరే, ఆవకాయ లేకపోతే అత్తగారిని వెనక్కి పంపలేం కదా అని కాఫీ పెట్టడానికి వెళ్ళాను.

చమురు ధరలు, గ్యాసు ధరలు పెరిగి దోహా నగరమంతా తవ్విపోసిన రోజులవి. ఎటు చూసినా క్రేన్లు. మేము ఐన్ ఖాలిద్‌లో ఒక విల్లాని నాలుగు వాటాలు చేస్తే అందులో ఒక వాటాలో ఉండేవాళ్ళం. మా ఆయన గ్యాసు కంపెనీలో ఇంజనీరు. అప్పటికి మాకింకా పిల్లలు లేరు. పొద్దున ఆయన వెళ్ళాక నేనూ, గోడలూ, ఏసీ చప్పుడూ. మామయ్యగారు పోయి ఏడాది దాటింది. సంవత్సరికం అయ్యాక అత్తయ్యని విజిట్ వీసా మీద మా దగ్గరికి తెచ్చుకున్నాం. వేసవి దాటకుండా తిరిగి పంపాలి. వీసా అంతే ఇచ్చారు.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. శివభక్తుల జీవితాలన్నీ ఏరి ఒకచోట చేర్చి రాయడం మన తెలుగులో కాకతీయుల కాలం నాటి పని. పండితులు సభలో విప్పి చెప్పుకోడానికి కాదు, మామూలు జనం పాడుకోడానికి వీలుగా ద్విపదలో రాశారు. అందులో రాజులు తక్కువ. కుమ్మరి, చాకలి, సాలె, వేటగాడు, కట్టెలు కొట్టేవాడు. ఒక్కొక్కరికీ ఒక మొండిపట్టు ఉంటుంది. ఒకడు పూట పూటకీ ఎవరికో అన్నం పెట్టనిదే తినడు, ఒకతి శివుడికి జలుబు చేస్తుందని భయపడుతుంది. చదువుకున్నవాళ్ళకి పిచ్చిలా కనిపించే ప్రేమ అది. దేవుడు మాత్రం దిగివచ్చి వాళ్ళ వాకిట్లో నిలబడతాడు. ఆ తర్వాతి కాలాల్లో ఏ ప్రాంతంవాళ్ళు ఆ ప్రాంతపు భక్తుణ్ణి ఒకణ్ణి చివర్లో తగిలించుకుంటూ పోయారు. మా అత్తగారి పుస్తకం అలా చేర్పులు పడ్డ పుస్తకం. ఎవరు చేర్చారో, ఎవరు అచ్చువేశారో ఆ ఊడిపోయిన అట్టకే తెలియాలి.

ఆ పుస్తకం ఆవిడ బుర్రలోకి ఎంత ఎక్కిందంటే, మనిషి ఎదురైతే చాలు, ఏ భక్తుడి తాలూకో తేల్చేవారు. అల్ సద్‌లో క్లినిక్‌కి బీపీ చూపించడానికి తీసుకెళ్తే, పక్కన నేల తుడుస్తున్న నేపాలీ అతన్ని చూసి, "గుడి వాకిలి ఊడ్చిన భక్తుడొకడున్నాడు, సరిగ్గా ఇదే వంపు నడుము" అన్నారు. మా సందు చివర కిరాణా కొట్టు మలయాళీ కొత్తిమీర కట్ట ఊరికే ఇస్తే, ఆయన్ని కూరగాయల భక్తుడి వంశంలో కలిపేశారు.

"ఆయన ముస్లిం అత్తయ్యా."

"అయితేనేం? కొత్తిమీర ఊరికే ఇచ్చాడా లేదా?"

ఒకరోజు కారులో వెళ్తుంటే ఆకాశంలోకి లేచిన క్రేన్ చూపించి, ఆ పైన గూట్లో కూర్చున్నతను ఏం చేస్తాడని అడిగారు. చెప్పాను. "క్రేన్ భక్తుడు లేడే మన పుస్తకంలో" అన్నారు దిగులుగా. తర్వాత ఆవిడే సర్దుకుని, "ఉండే ఉంటాడులే. ఇంకా ఎవరూ రాసుండరు" అన్నారు.

నా కోపానికీ చోటిచ్చారు. వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతుంటే, "కోపిష్టి భక్తురాలు ఒకతుందమ్మాయ్, శివుణ్ణే చీపురు పుచ్చుకుని తరిమింది. ఆయన నవ్వుకుంటూ పరిగెత్తాడట" అన్నారు. అత్తాకోడళ్ళ మధ్య ఇంతకంటే మంచి మాట ఎవరన్నా అనుకున్నారా, నాకు తెలియదు. గిన్నెలు నెమ్మదిగా పెట్టాను.

ఒక విషయం మాత్రం అర్థమయ్యేది కాదు. రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఆవిడ పుస్తకం విప్పేవారు, ఒకచోట తెరిచి చూసేవారు, మళ్ళీ మూసి గుడ్డ చుట్టేసేవారు. ఒక్క అక్షరం పైకి చదవగా నేను వినలేదు. ఆవకాయని ఓడించి వచ్చిన పుస్తకం, చదవకపోతే ఎందుకని నాకు ఉడుకు.

"చదవరేం అత్తయ్యా?"

"ఊఁ కొట్టేవాళ్ళు లేరుగా" అన్నారు.

అప్పుడు చెప్పారు. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటట. ఆవిడ చదివేవారు, మామయ్యగారు మడతకుర్చీలో కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ ఊఁ కొట్టేవారు. ఆ ఊఁ ఒకటి కాదు. కథ మామూలుగా నడుస్తుంటే పొట్టి ఊఁ. శివుడు మారువేషంలో వస్తే, నాకు తెలిసిపోయిందిలే అన్నట్టు సాగదీసిన ఊఁ. భక్తుడికి కష్టం వస్తే గొంతులోనే ఆగిపోయే ఊఁ. మధ్యలో ఒక వక్కపలుకు ఈవిడ చేతికందించేవారు. పుస్తకం ఎన్నిసార్లు అయిపోయిందో, ఎన్నిసార్లు మళ్ళీ మొదలుపెట్టారో ఇద్దరికీ లెక్కలేదు. ఆ ఇంట్లో చదవడానికి రెండే నియమాలు. ఊఁ కొట్టేవాళ్ళు లేకుండా చదవకూడదు. భక్తుడు కష్టంలో ఉండగా పుస్తకం మూయకూడదు, అతన్ని గట్టెక్కించాకే లేవాలి.

"మరి?"

"మరేముంది. ఆ రోజు ఉప్పు భక్తుడి కథ చదువుతున్నాను."

ఉప్పు భక్తుడంటే పుస్తకం చివర ఎవరో చేర్చిన మా కోస్తా భక్తుడు. సముద్రం ఒడ్డున ఉప్పు కొని ఎద్దు మీద వేసుకుని ఊరూరా అమ్ముకునేవాడు. ఏటి అవతల శివభక్తుల మఠం. అక్కడి వంటకి మొదటి దోసెడు ఉప్పు తనే ఇవ్వాలని అతని పట్టు. ఇతని ఉప్పు పడనిదే వాళ్ళూ నైవేద్యం పెట్టరు. ఒకనాడు ఏరు పొంగింది. ఎద్దు నీళ్ళలోకి దిగనంది. ఇతను బస్తా నెత్తిన పెట్టుకుని దిగాడు. మోకాళ్ళు, నడుము, రొమ్ము, మెడ. ఉప్పు తడిస్తే కరిగిపోతుంది, ఆగితే మఠంలో అందరూ పస్తు.

"మెడదాకా నీళ్ళొచ్చాయని చదివాను. ఊఁ వినపడలేదు. నిద్రపట్టిందేమో అనుకుని ఇంకో రెండు పాదాలు చదివాను. అప్పటికీ లేదు. తలెత్తి చూశాను" అన్నారు. మామయ్యగారు ఆ మడతకుర్చీలోనే పోయారని నాకు తెలుసు.

పుస్తకం తెరిచి ఆ చోటు చూపించారు. రెండు పేజీల మధ్య ఒక వక్కపలుకు. ఆవిడకి అందించబోతూ ఆయన వదిలేసింది, పుస్తకంలోనే పడిపోయింది. కాగితం మీద దాని మరక పడింది. వక్కలు ఈ దేశంలోకి తేవద్దని, కస్టమ్స్‌వాళ్ళు పట్టుకుంటారని మా ఆయన ఫోనులో ఆవిడకి నానా భయాలూ పెట్టాడు. ఇదొక్కటి ఇలా వచ్చేసింది.

"ఏడాదైపోయింది, ఆ పిల్లాడు ఆ నీళ్ళలో బస్తా నెత్తినెట్టుకుని అలాగే నిలబడున్నాడమ్మాయ్. నాకు నిద్దర్లో కూడా వాడే. నేనూ పోయేలోపల వాణ్ణి ఒడ్డెక్కించాలి" అన్నారు. "కథ కంచికి చేర్చకుండా నేను ఇంటికెట్లా వెళ్ళను?"

కథ చివర ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఎన్నోసార్లు చదివిన కథ. తెలిసినంత మాత్రాన సరిపోదట. పైకి చదవాలి, ఎవరో వినాలి. అంతవరకూ అతను ఒడ్డెక్కినట్టు కాదు. నాకది మూఢనమ్మకంలా అనిపించిందా అంటే, అనిపించింది. కానీ ఆవిడ ముఖం చూశాక ఆ మాట నా నోటికి రాలేదు. ఎలాగైనా ఆ ఉప్పాయన్ని ఒడ్డెక్కించి పంపాలని ఆ క్షణాన నాకూ పట్టుదల వచ్చింది. నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో పట్టుదలా అంత తొందరగా వస్తుంది.

మొదట మా ఆయన్ని కూర్చోబెట్టాను. కన్నకొడుకు, అంతకంటే ఎవరు కావాలి? ఆయన ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, మీటింగులో తలాడించినట్టు ఒకే కొలతలో ఊఁ ఊఁ అంటూ పోయాడు. అత్తయ్యకి అనుమానం వచ్చింది. అదే రాగంలో, చదువుతున్నట్టే, "అంతట ఆ ఉప్పు భక్తుడు దోహాలో విమానం దిగి" అన్నారు.

"ఊఁ" అన్నాడు మా ఆయన.

పుస్తకం మూసేశారు. భక్తుడింకా ఏట్లోకి దిగలేదు కాబట్టి నియమం తప్పలేదు. "ఆయన కడుపున పుట్టినవాడేనా వీడు?" అని నన్నడిగారు, పుట్టించినది నేనైనట్టు. నేను అడకత్తెరలో పోకచెక్కనై ఇద్దరికీ టీ పెట్టాను.

తర్వాత ఊళ్ళో ఉన్న ఆవిడ చెల్లెలికి ఫోను చేసి చదవడమని నాదే ఆలోచన. కాలింగ్ కార్డు గీకి, నంబర్లన్నీ నొక్కి, స్పీకర్ పెట్టి ముందుంచాను. చెల్లెలుగారు ఊఁ కొట్టారు, కాదనను. మధ్యలో పాలవాడితో మాట్లాడారు, కుక్కర్ దించారు, "అక్కా, మీ కోడలికి నెల తప్పిందా?" అని కూడా అడిగారు. అయినా కథ నడిచింది. ఎద్దు నీళ్ళలోకి దిగనని మొరాయించింది. బస్తా నెత్తికెక్కబోయింది. సరిగ్గా అప్పుడు ఫోనులో ఎవరో ఆడమనిషి అరబ్బీలో ఏదో చెప్పింది, లైను తెగింది. కార్డులో డబ్బులైపోయాయి.

"ఇంకా నయం, ఒడ్డు మీదే ఉన్నాడు" అని అత్తయ్య గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. నాకు నవ్వొచ్చింది, ఆవిడకీ వచ్చింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ ఇంట్లో నేనలా నవ్వడం అదే మొదలు.

జూన్ వచ్చేసరికి హాల్లో ఏసీ చచ్చిపోయింది. బయట నిప్పులు, లోపల ఆవిరి. ఇంటి ఓనరు బాగుచేయడానికి ఒకతన్ని పంపాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరట, నలభై అయిదు దాటిన మనిషి, నుదురంతా చెమట. ఏసీ విప్పి చూసి, "కంప్రెసర్ వొయింది మేడం. పార్టు రావాలె. బుక్రా తెస్త" అన్నాడు. బుక్రా అంటే అరబ్బీలో రేపు. ఖతర్‌లో అయిదారేళ్ళున్న ఎవరికైనా తెలుసు, బుక్రా అంటే రేపు కాదు, ఎప్పుడో ఒకప్పుడు. అతను ఆ వారంలోనే మూడు నాలుగుసార్లు వచ్చాడు, ఒక్కోసారి ఒక్కో పార్టుతో. అత్తయ్య మజ్జిగ ఇచ్చేవారు. ఊళ్ళో అతని తల్లి, ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా, నా కొడుకు దుబాయ్‌లో ఉన్నడని అందరికీ చెప్పుకుంటుందట. ఆవిడకి గల్ఫ్ అంతా దుబాయే.

ఒక సాయంత్రం అతను నిచ్చెన మీద నిలబడి తీగలు బిగిస్తున్నాడు. అత్తయ్య, ఏ ఉద్దేశంతోనో, గొంతు సవరించుకుని ఉప్పు భక్తుడి కథ మొదలుపెట్టారు. మొదటి రెండు పాదాలు అయ్యాయో లేదో, నిచ్చెన మీంచి వినపడింది.

"ఊఁ."

చేతిలో పని ఆగలేదు, తల తిప్పలేదు. అలవాటుగా, గాలి పీల్చుకున్నట్టు అన్నాడు. వాళ్ళ ఊళ్ళో కథలు చెప్పేవాళ్ళు వస్తే ముందు వరసలో కూర్చుని ఊఁ కొట్టేది అతనేనట, తర్వాత చెప్పాడు. అత్తయ్య గొంతు లేచింది. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయాను. ఆవిడ అంత బాగా చదువుతారని నాకు తెలియదు. ద్విపద నడక ఎద్దుల బండి నడకలా సాగింది. ఎద్దు ఆగింది, ఊఁ. బస్తా నెత్తికెక్కింది, ఊఁ. మోకాళ్ళు, ఊఁ. నడుము, ఊఁ. రొమ్ము. అతను పని ఆపేసి నిచ్చెన మెట్టు మీద కూర్చున్నాడు.

మెడదాకా వచ్చి అత్తయ్య ఆగిపోయారు.

వక్కపలుకు దగ్గర ఆవిడ వేలు ఆగింది. అతను నిచ్చెన మెట్టు మీంచి ముందుకి వంగాడు.

"గిట్ల ఆపితె ఎట్లమ్మా?" అన్నాడు చివరికి. "ఆయిన గా నీళ్ళల్లనే ఉన్నడు గద?"

అత్తయ్య పుస్తకం మూయకుండా బల్ల మీద తెరిచే ఉంచి లోపలికి వెళ్ళిపోయారు. అతను నా వైపు చూశాడు, ఏమైనా తప్పు మాట్లాడానా అన్నట్టు. మామయ్యగారి సంగతి చెప్పాను. తల ఊపి, సామాను సర్దుకున్నాడు. ఏసీ చల్లగా తిరుగుతోంది.

"నేను రేపటిసంది లుసైల్‌ల డ్యూటీ మేడం. ఇగ ఇటు రాను" అన్నాడు. లుసైల్ అంటే దోహాకి ఉత్తరాన కొత్తగా కడుతున్న ఊరు. చెప్పులేసుకుంటూ మళ్ళీ ఆగాడు. "ఆయిన ఒడ్డెక్కినంక జర నాకో ఫోన్ కొట్టుండ్రి. మనసుల గదే ఉంటది." నంబరు చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పటికి నాకు అర్థమైంది. ఊఁ కొట్టేవాళ్ళు దొరక్కపోవడం కాదు సంగతి. దొరికాడు, బంగారంలాంటివాడు దొరికాడు. ఆ చోట చదివి, మళ్ళీ ఊఁ కోసం చెవి పెట్టాలంటేనే ఆవిడకి భయం. ఒకసారి రాలేదు కదా. ఎవరిని కూర్చోబెట్టినా ఆ భయం పోదు. ఈ భయానికి నేనేం చేయగలను? పప్పు చేయగలను, చారు చేయగలను.

వీసా అయిపోవచ్చింది. మర్నాడు ప్రయాణం. మా ఆయన పెట్టె తూకం వేస్తున్నాడు, నేను బాదం, ఖర్జూరం పొట్లాలు కడుతున్నాను. పుస్తకం అలాగే బల్ల మీద తెరిచి ఉంది. ఆ రోజునుంచీ ఆవిడ దాన్ని మూయలేదు, నన్నూ మూయనివ్వలేదు. దాని చుట్టూ దుమ్ము తుడిచేదాన్ని. ఇప్పుడు గుడ్డలో కట్టాలంటే మూయాలి. మూస్తే ఉప్పు భక్తుడు మెడలోతు నీళ్ళలో ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్ళు, ఎవరికి తెలుసు. అత్తయ్య పసుపుగుడ్డ చేత్తో పట్టుకుని దాని ముందు నిలబడి ఉన్నారు. ముఖం చూడలేకపోయాను. నాకు అందరి మీదా కోపం వచ్చింది. మామయ్యగారి మీద, వీసా మీద, ఆ ఏరు మీద.

వెళ్ళి పుస్తకం నేను తీసుకున్నాను.

"కూర్చోండి అత్తయ్యా. నేను చదువుతాను. మీరు ఊఁ కొట్టండి."

"నీకు ద్విపద చదవడం వచ్చా?"

"రాదు. సర్దుకోండి."

ఆవిడ నావంక చూశారు. పెళ్ళయ్యాక అన్నేళ్ళలో మొదటిసారి నన్ను చూస్తున్నట్టు చూశారు. తర్వాత వెళ్ళి మా ఆయన కూర్చునే కుర్చీ కిటికీ పక్కకి లాక్కుని కూర్చున్నారు. చేతులు ఊరికే ఉండలేకపోయాయి. పెట్టెలోంచి అడకత్తెర తీయించుకున్నారు. వక్కలు లేవు కాబట్టి నేను పొట్లం కడుతున్న ఎండు ఖర్జూరాలు నాలుగు ముందేసుకున్నారు. మా ఆయన ఏదో అడగబోతే, తూకం చూసుకోమని నేను కళ్ళతోనే చెప్పాను.

కథ మొదటినుంచి మొదలుపెట్టాను. ఘోరంగా చదివాను. ఎక్కడ ఆగకూడదో అక్కడ ఆగాను, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ మరిచిపోయాను. మొదటి పేజీలో ఆవిడ రెండుమూడుసార్లు దిద్దారు. తర్వాత దిద్దడం మానేసి, అడకత్తెర టక్కుమన్నప్పుడల్లా పొట్టిగా "ఊఁ" అనడం మొదలుపెట్టారు. ఉప్పు కొన్నాడు, ఊఁ. ఏరు పొంగింది, ఊఁ. ఎద్దు మొరాయించింది, ఊఁ. ఆ ఊఁ ఉంటే చదవడం ఎంత సులువో నాకు అప్పుడు తెలిసింది. చీకటి మెట్ల మీద ఎవరో ముందు నడుస్తున్నట్టుంటుంది.

మోకాళ్ళు. ఊఁ. నడుము. ఊఁ. రొమ్ము. ఊఁ.

మెడ.

అడకత్తెర చప్పుడు ఆగింది. ఊఁ రాలేదు. ఇంకో రెండు పాదాలు చదివాను. రాలేదు. తలెత్తడానికి భయం వేసింది. ఆ రోజు ఆవిడ ఈ రెండు పాదాల తర్వాత తలెత్తిన సంగతి నాకు తెలుసు. అత్త చచ్చిన ఆర్నెల్లకి కోడలు ఏడ్చిందని సామెత చెప్పుకుని నవ్వేవాళ్ళం మా అక్కచెల్లెళ్ళం. నాకు అక్కడే, అప్పుడే, ఏడుపొచ్చేసింది. ఈవిడంటే నాకు ఇంత ఇష్టమని అప్పటిదాకా నాకే తెలియదు.

తలెత్తాను.

ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. చెంపలు తడిగా ఉన్నాయి. పెదవులు ముందుకొచ్చాయి. గొంతు అడుగునుంచి, లోపలే ఆగిపోతూ, ఒక ఊఁ వచ్చింది. అది ఆవిడ ఊఁ కాదు. మామయ్యగారిది. నేను ఆయన్ని చూసింది తక్కువే, అయినా గుర్తుపట్టాను. పక్కగదిలో పెట్టె దగ్గర మా ఆయన కూడా ఒక్కసారి తలెత్తి చూశాడు.

"ఊఁ" అన్నారు మళ్ళీ, ఆవిడ గొంతుతోనే. "చదువు."

చదివాను. నీళ్ళు గడ్డం దాటాయి, ముక్కు దాటాయి. బస్తా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఏటి అడుగున నడిచాడు. ఒడ్డెక్కాడు. ఎక్కి చూసుకుంటే బస్తా తేలిగ్గా ఉంది. ఉప్పంతా కరిగి నీళ్ళ పాలైంది. ఖాళీ బస్తా భుజాన వేసుకుని, తిట్టించుకోడానికి మఠానికి వెళ్ళాడు. వెళ్ళేసరికి అందరూ తినడానికి కూర్చుంటున్నారు. నైవేద్యం అయిపోయిందన్నారు. నా ఉప్పు లేకుండానా అని ఏడ్చాడు. వంటాయనకి ఏమీ అర్థం కాలేదు. నువ్వు పంపిన ఉప్పే కదయ్యా, ఇవాళ ఏటి నీళ్ళు ముంచుకొచ్చి వండాను, సరిగ్గా సరిపోయింది అన్నాడు. ఇతని నోట్లో ఒక ముద్ద పెట్టి చూపించాడు. పిడికెడు ఉప్పు కూడా వృథా పోలేదు.

"ఊఁ" అన్నారు అత్తయ్య, సాగదీసి, ముందే తెలిసిపోయిందిలే అన్నట్టు. అది కూడా మామయ్యగారిదే.

నేను పుస్తకం మూయబోయాను. చెయ్యి అడ్డుపెట్టారు. పేజీల మధ్యనుంచి ఆ వక్కపలుకు తీసి, చీర కొంగుతో తుడిచారు. మామయ్యగారు పోయినప్పటినుంచి ఆవిడ తాంబూలం జోలికి పోలేదు. అలా పోకూడదని ఊళ్ళో అందరూ అన్నారు, ఆవిడా మానేశారు. దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, నోట్లో వేసుకున్నారు. ఏడాది దాటి ఎండిన వక్క, రాయిలా ఉండుంటుంది. నమల్లేదు. బుగ్గన పెట్టుకుని కూర్చున్నారు.

"ఆ లుసైల్ నాయనకి ఫోను చెయ్యి" అన్నారు కాసేపటికి. "పాపం, ఎదురుచూస్తుంటాడు."

చేశాను. అవతల ఏవో యంత్రాల చప్పుడు, ఎవరో హిందీలో అరుస్తున్నారు. నేనెవరో చెప్పేలోపే అతనికి తెలిసిపోయింది.

"ఒడ్డెక్కిండా మేడం?"

"ఎక్కాడు. ఉండండి, అమ్మకిస్తాను." ఫోను అత్తయ్య చేతిలో పెట్టాను. అతని గొంతు ఇవతలికి వినపడుతోంది. "అమ్మా, సల్లగుండుండ్రి. ఎట్ల ఎక్కిండు? మరి ఉప్పు? ఉప్పు కరిగిపోయిందా అమ్మా?"

ఆవిడ నోరు తెరవబోయి, ఆగి, ఫోను తిరిగి నా చేతికిచ్చేశారు.

"నువ్వు చెప్పమ్మాయ్" అన్నారు, ఒక బుగ్గ ఎత్తుగా పెట్టుకుని. "నాకు నోట్లో వక్క ఉంది."